సలహాల పెట్టె పెట్టాం, చీటీలు రావట్లేదు. తప్పెక్కడుంది?

విభాగం: ఉద్యోగం, పని జీవితం

పటాన్‌చెరు_హెచ్ఆర్ | సోమవారం, ఉదయం 10:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

పటాన్‌చెరు వైపు ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీలో హెచ్ఆర్ చూస్తాను. పర్మనెంటు వాళ్ళు 180 మంది, కాంట్రాక్టు మీద 220 మంది. మా సరుకు కొనే పెద్ద కంపెనీ ఒకటి ఈ ఏడాది మాకో ప్రశ్నావళి పంపింది. మీ మనుషుల్ని ఎలా చూసుకుంటున్నారు, వాళ్ళ ఆరోగ్యం ఎలా ఉంది, వాళ్ళ దగ్గర్నుంచి కొత్త ఆలోచనలు తీసుకునే పద్ధతేమైనా ఉందా అంటూ 60 ప్రశ్నలు. మా ఎండీ గారు చూసి, "ఒక సలహాల పెట్టె పెట్టించు. నెలకో ఉత్తమ సలహాకి వెయ్యి రూపాయలని ప్రకటించు" అన్నారు. పెట్టించాను. పెట్టెకి తాళం, పక్కన దారంతో కట్టిన పెన్ను, తెలుగులో హిందీలో పోస్టరు.

మూడు నెలల్లో ఏడు చీటీలు వచ్చాయి. ఒకటి సాంబారు గురించి. రెండేమో పాత బ్లాకులో ఆడవాళ్ళ బాత్రూం గడియ ఊడిపోయిందని. ఒకటి నైట్ షిఫ్ట్ బస్సు గురించి. రెండు ఒకే చేతిరాతతో, ఓటీకి (ఓవర్‌టైంకి) డబుల్ రావాలి కదా అని. ఇంకొకటి నాలుగు మడతలు పెట్టి వేసిన ఖాళీ కాగితం. ఎండీ గారు అవి చూసి "మనవాళ్ళలో క్రియేటివిటీ లేదయ్యా" అనేశారు. పెన్ను కూడా ఎవరో పట్టుకుపోయారు.

మనుషుల్ని బాధ్యతగా చూసుకోవడానికీ, వాళ్ళ బుర్రలో కొత్త ఆలోచన పుట్టడానికీ నిజంగా సంబంధం ఉందా? లేకపోతే ఇది ప్రశ్నావళులు నింపుకోవడానికి పుట్టిన మాటా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పగలు_రాత్రి | సోమవారం, ఉదయం 11:15

ఏడు చీటీల్లో ఆరింటిలో సలహా ఉంది కదండీ. మీ ఎండీ గారు కోరుకున్న సలహా కాదు, అంతే.

గడియ లేని బాత్రూంకి వెళ్ళాలంటే ఏం చేస్తారో తెలుసా? ఇద్దరు కలిసి వెళ్తారు. ఒకరు బయట నిలబడి తలుపు లాగి పట్టుకుంటారు. తోడు దొరక్కపోతే ఆపుకుంటారు, అసలు నీళ్ళు తాగడమే మానేస్తారు. ఆ మనిషి మధ్యాహ్నం మూడింటికి మీ బ్యాచ్ టైం ఎలా తగ్గించాలా అని ఆలోచించాలంటారా?

బాలానగర్_లేత్ | సోమవారం, మధ్యాహ్నం 1:03

సార్, నేను బాలానగర్‌లో 14 మందితో వర్క్‌షాపు నడుపుతున్నా. జాబ్ వర్క్. నా మాట కొంచెం చేదుగా ఉంటుంది.

ఈ బాధ్యత, శ్రేయస్సు అనే మాటలు పెద్ద కంపెనీలకి అందంగా ఉంటాయి. నాకూ వస్తాయి ఆ ప్రశ్నావళులు. "మీ ఉద్యోగుల మానసిక ఆరోగ్యానికి ఏం చేస్తున్నారు" అని అడిగిన అదే కంపెనీ నా బిల్లు 130 రోజులు పెండింగ్‌లో పెట్టింది. చిన్న పరిశ్రమకి 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 చట్టంలో ఉంది. కేసు వేస్తే మళ్ళీ ఆర్డరు రాదు. ఒకటో తారీఖు జీతాలకి మా ఆవిడ గాజులు రెండుసార్లు ముత్తూట్ మెట్లు ఎక్కాయి. నా మానసిక ఆరోగ్యం ఏ కాలంలో రాయాలో ఆ ఫారంలో లేదు.

కుర్రాళ్ళు కూడా అంతే. మేం రోజుకి 12 గంటలు లేత్ ముందు నిలబడి పని నేర్చుకున్నాం. ఎవరూ మా వెల్‌బీయింగ్ అడగలేదు. నేర్చుకోలేదా?

రిటైర్డు_ఫోర్‌మన్ | సోమవారం, సాయంత్రం 5:30

పటాన్‌చెరు బాబుకి ఆశీస్సులు. మీరు అడిగిన దానికి మీ ఫ్యాక్టరీ పక్కనే జవాబుంది. మన దేశంలో క్వాలిటీ సర్కిళ్ళు మొదలైంది ఎక్కడో కాదు, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో, 1980 ప్రాంతాల్లో. జపాన్‌లో 1962లో పుట్టిన పద్ధతి అది. తర్వాత 1982లో క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా కూడా మన జంటనగరాల్లోనే పెట్టారు. నేను పనిచేసింది వేరే ప్రభుత్వ రంగ కర్మాగారంలో. పేరెందుకులెండి. ఆ గాలి మాకూ తగిలింది.

ఒకే చోట పనిచేసే ఆరేడుగురం వారానికి ఒక గంట కూర్చునేవాళ్ళం. అదీ డ్యూటీ టైంలోనే. ఆ గంట మా ఇష్టం. సమస్య మేమే ఎంచుకోవాలి, పైవాళ్ళు చెప్పకూడదు. నల్లబల్ల మీద చేపముల్లు బొమ్మ గీసి, ఒక్కో ముల్లుకి ఒక్కో కారణం రాసేవాళ్ళం. మొదటి సమస్య ఏం ఎంచుకున్నామో తెలుసా? కూలర్ దగ్గర నీళ్ళు కారి జారిపడుతున్నారని. మా మేనేజరు నవ్వుకున్నాడేమో గానీ పైకి ఏమీ అనలేదు. రెండోది పనిముట్లు ఇచ్చే టూల్ క్రిబ్ దగ్గర క్యూ. మూడోది వెల్డింగు రీవర్కు. ఆ మూడోదాంట్లో మా సర్కిల్ చేసిన మార్పుకి ఇంజనీర్లు వచ్చి మమ్మల్ని అడిగి నోట్స్ రాసుకున్నారు. ఐటీఐ చదివిన మేం చెప్తుంటే, ఆర్ఈసీ వరంగల్‌లో చదివొచ్చిన పిల్లాడు రాసుకుంటున్నాడు!

నీళ్ళ కూలరు బాగుచేయకపోయి ఉంటే వెల్డింగు దాకా వచ్చేవాళ్ళమే కాదు. మీ చీటీలు ఇప్పుడు కూలరు దగ్గర ఉన్నాయి బాబూ.

మరి ఎందుకు ఆగిపోయాయంటారేమో. పోటీలు పెట్టారు. షీల్డులు ఇచ్చారు. షీల్డు కోసం ఇంజనీర్లే ప్రాజెక్టు చేసి, మా చేత మైకులో చదివించడం మొదలైంది. ఆ గంట కాస్తా ప్రొడక్షన్ టార్గెట్ తరుముకొచ్చినప్పుడల్లా ఎగిరిపోయేది. ఒకసారి రద్దు చేసిన గంట మళ్ళీ అంత తేలిగ్గా రాదు.

పాఠాల_మాస్టారు | సోమవారం, రాత్రి 9:18

మేనేజ్‌మెంటు పాఠాలు చెప్పుకునే వాణ్ణి. ఫోర్‌మన్ గారు చెప్పిన తర్వాత నేను చెప్పేది కొంచెమే.

మీరు అడిగిన విషయాన్ని పరిశోధకులు కొన్నేళ్ళుగా తవ్వుతున్నారు. షెన్, ఝూ అనే ఇద్దరు 2011లో దీన్ని మూడు పాయలుగా విడదీశారు. చట్టం చెప్పింది చేయడం ఒకటి. చట్టాన్ని దాటి ఉద్యోగి అవసరాన్ని చూడడం రెండోది. కంపెనీ ఊరికి చేసే మంచిలో ఉద్యోగిని కలుపుకోవడం మూడోది. మనవాళ్ళు మూడోదాని నుంచి మొదలెడతారు. మొక్క నాటే ఫోటో ముందు, ఓటీ డబ్బు తర్వాత. ఓటీకి రెట్టింపు అనేది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి మాట, బాబూ. దాన్ని సలహాల పెట్టెలో వేయాల్సి రావడమే సిగ్గుచేటు.

ఇందులో ఒక చిత్రం ఉంది. పెద్ద కంపెనీలు సామాజిక బాధ్యత కింద లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి కదా. సొంత ఉద్యోగులకి మాత్రమే మేలు చేసే ఖర్చు ఆ లెక్కలోకి రాదు. నిబంధన సరైనదే, లేకపోతే క్యాంటీను బిల్లులన్నీ సేవ కింద చూపిస్తారు. కానీ దానివల్ల బాధ్యత అంటే గేటు బయట చేసేది అనే అభిప్రాయం స్థిరపడిపోయింది. మీకొచ్చిన ప్రశ్నావళి వేరే దారిన వచ్చి ఉంటుంది. స్టాక్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ 2022-23 నుంచి పెద్ద 1000 లిస్టెడ్ కంపెనీలకి తప్పనిసరి చేసిన నివేదికలో మూడో సూత్రం ఉద్యోగుల శ్రేయస్సు. సరుకు అందించే వాళ్ళ దగ్గర పనిచేసేవాళ్ళు కూడా అందులోకి వస్తారు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నారు.

ఇక సృజన సంగతి. ఏమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లు లెక్కబెట్టింది. మంచి టీం ఉన్న వార్డుల్లో తప్పులు తక్కువుంటాయని అనుకుంటే, అక్కడే ఎక్కువ నమోదయ్యాయి. తీరా చూస్తే వాళ్ళు ఎక్కువ తప్పులు చేయట్లేదు, చేసినవి దాచట్లేదు. మీ ఖాళీ పెట్టెని ఆ కళ్ళతో చూడండి.

నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ రంగంలో చాలా పరిశోధనలు ఉద్యోగులకే ఫారాలిచ్చి నింపించినవి. "మీ కంపెనీ బాగా చూసుకుంటుందా", "మీరు కొత్తగా ఆలోచిస్తారా" అని ఒకే మనిషిని రెండూ అడిగితే రెండూ కలిసే పెరుగుతాయి. ఏది కారణం, ఏది ఫలితం అన్నది అలా తేలదు. కాబట్టి "ఇది పెడితే అది వచ్చేస్తుంది" అని మీ ఎండీ గారికి మాటివ్వకండి.

బొగ్గుపొడి | మంగళవారం, ఉదయం 6:50

నైట్ డ్యూటీ దిగి రాస్తున్న, తప్పులుంటే ఏమనుకోకున్రి.

మా బాపు సింగరేణిల పర్మనెంటు. గోదావరిఖని. దసరా ముంగట లాభాల వాటా పడ్డదంటే మా ఇంట్ల పండుగ రెండింతలు. 2024ల లాభంల 33 శాతం, 796 కోట్లు పంచిన్రు, ఒక్కొక్కలకు సగటున లక్షా 90 వేలు. గదే ఏడు కాంట్రాక్టోళ్ళకు మొట్టమొదటిసారి 5 వేలు ఇచ్చిన్రు. బాపు అంటడు, మొదటిసారన్న ఇచ్చిన్రు గద అని. నాకైతే రెండు అంకెలూ గుర్తుంటయి.

నేను ఇంకో కాడ కరెంటు ప్లాంటుల కాంట్రాక్టు లేబర్. బొగ్గు కన్వేయర్ కింద ఊడ్చుడు నా పని. గా బెల్టు కింద రోలర్ పట్టేసే ముందు ఒక తీరుగ కీచుమంటది. రోజూ ఇనెటోనికి తెలుస్తది. ఒకపాలి సూపర్‌వైజర్‌కు చెప్పిన. "నీ పని ఊడ్చుడు, ఊడ్వు" అన్నడు. మూడో దినం బెల్టు చిరిగింది, యూనిట్‌కు బొగ్గు బందయింది. పెద్దసార్లంత ఉరికొచ్చిన్రు. ఎందుకైందో నన్ను ఎవ్వలూ అడగలే. నేనూ చెప్పలే.

గప్పటిసంది రోలర్ కీచుమన్నా ఇనబడనట్టే ఉంటున్న.

అన్నా, నీ పెట్టె యాడ పెట్టినవ్? కాంట్రాక్టోళ్ళు వచ్చే గేటు కాడనా, ఆఫీసు మెట్ల కాడనా?

పటాన్‌చెరు_హెచ్ఆర్ | మంగళవారం, ఉదయం 9:35

తమ్ముడూ, అడ్మిన్ బ్లాకు రిసెప్షన్ పక్కన పెట్టాం. కాంట్రాక్టు వాళ్ళకి అటు ప్రవేశం లేదు. నిన్నటిదాకా నాకు తట్టనే లేదు.

జరీ_అంచు | మంగళవారం, మధ్యాహ్నం 3:20

నేను ఫ్యాక్టరీ మనిషిని కాదండి. బెజవాడలో చీరల షాపులో సేల్స్ గర్ల్‌ని, తొమ్మిదేళ్ళ నుంచి. గర్ల్ అనే అంటారు, నాకు 38.

మాకు పొద్దున పది నుంచి రాత్రి పది దాకా నిలబడే ఉండాలండి. బేరం లేకపోయినా కూర్చోకూడదు. సీసీ కెమెరాలో చూసి మైకులో పేరు పిలుస్తారు. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో కూర్చునే హక్కు అని చట్టం చేశారట. కోళికోడ్‌లో మాలాంటి షాపుల ఆడవాళ్ళే కొట్లాడి తెచ్చుకున్నారని విన్నాను. మా ఓనరు గారి అబ్బాయి బయట చదివొచ్చాక రెండేళ్ళ కిందట కౌంటరు వెనక చిన్న స్టూళ్ళు వేయించాడు. పెద్దాయన వారం రోజులు మాట్లాడలేదు ఆ అబ్బాయితో.

కూర్చున్నప్పుడు ఏం కనిపించిందో చెప్తానండి. నిలబడి ఉన్నప్పుడు నా ధ్యాసంతా కాళ్ళ మీదే ఉండేది. స్టూలు మీద కూర్చుని చూస్తుంటే, పెద్దావిడలు ఒక చేత్తో ఫోన్ పట్టుకుని అమెరికాలో ఉన్న కూతురికి వీడియోలో చీర చూపిస్తున్నారు. ఇంకో చేత్తో కొంగు పరవలేక అవస్థ. రంగు సరిగ్గా రాదు, "అమ్మా కొంచెం పైకెత్తు" అని ఆ పిల్ల అరుపులు. నేనే ఆ అబ్బాయితో అన్నాను, ఒక ఫోన్ స్టాండు, పైన తెల్లలైటు పెట్టిద్దామని. పెట్టించాడు. ఇప్పుడు రెండు కౌంటర్లకి ఉన్నాయి. పెళ్ళిళ్ళ సీజన్లో వాటి ముందు వరస.

నాకు దానికి ఏమిచ్చారని అడక్కండి. ఓ చీరిచ్చారు, అదీ సేల్ చీర. కానీ రోజూ ఆ స్టాండు చూస్తే ఒక మాదిరి సంతోషంగా ఉంటుందండి.

బాలానగర్_లేత్ | మంగళవారం, సాయంత్రం 6:12

చెల్లెమ్మ కథ బాగుంది. కానీ స్టూలు వేస్తే ఐడియా వచ్చిందంటే నమ్మను. ఆమె తెలివైంది కాబట్టి వచ్చింది. మా షాపులో నాలుగు కుర్చీలు ఉన్నాయి, రీల్స్ చూసుకుంటున్నారు కూర్చుని. ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు వారానికి 70 గంటలు పనిచేయాలంటే అందరూ తిట్టారు గానీ, ఆయన చెప్పింది అబద్ధమా?

పగలు_రాత్రి | మంగళవారం, రాత్రి 11:48

చూశారా టైం? ఇప్పుడే కాల్ అయింది. అందుకే ఇప్పుడు రాస్తున్నా.

అన్నయ్య గారూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో లెక్క చెప్పాయి. వారానికి 55 గంటలు, ఆ పైన పనిచేసే వాళ్ళకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె జబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలో 7 లక్షల 45 వేల మంది పోయారని అంచనా. మీరు 12 గంటలు చేసి నిలబడ్డారు, సంతోషం. పడిపోయిన వాళ్ళు ఈ చర్చకి రాలేరు కదా.

నా సంగతి. గచ్చిబౌలి వైపు ఐటీ కంపెనీ. కాన్పుకి ముందు మా టీంలో చిన్న చిన్న టూల్స్ నేనే రాసేదాన్ని, ఎవరూ అడక్కుండానే. రోజూ రాత్రి లాగ్ ఫైళ్ళు (సిస్టం రాసుకునే రికార్డులు) వెతకడం విసుగొచ్చి ఒక స్క్రిప్టు రాస్తే ఇప్పటికీ మూడు టీంలు వాడుతున్నాయి. 2017 సవరణ పుణ్యమా అని 26 వారాల సెలవు దొరికింది. తిరిగొచ్చాక రేటింగు ఒక మెట్టు దించారు. "ఏడాదిలో సగం లేవు కదా" అన్నారు. 50 మంది, ఆపైన ఉంటే క్రెష్ (పిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలి. ఉంది, కాగితం మీద. మా ఆఫీసుకి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఒక ప్లే స్కూలుతో ఒప్పందం. వెల్‌నెస్ వారం కూడా జరుపుతారు. ఒత్తిడి తగ్గించుకోవడం మీద వెబినార్ పెట్టారు, రాత్రి ఎనిమిదిన్నరకి, హాజరు తప్పనిసరి అని.

ఇప్పుడు టికెట్టు (అప్పగించిన పని) వస్తే చేస్తాను, మూసేస్తాను. ఇంకో టూల్ ఆలోచన ఉంది నా దగ్గర, నిజంగా మంచిది. చెప్పను. మా హెచ్ఆర్ సర్వేలో "మీరు సృజనాత్మకంగా ఉన్నారా" అంటే అయిదుకి నాలుగు పెడతాను.

మాస్టారూ, ఫారాల గురించి మీరన్నది అక్షరాలా నిజం.

నెకర్_ఒడ్డు | బుధవారం, మధ్యాహ్నం 2:05

స్టుట్‌గార్ట్ దగ్గర్నుంచి. మెషిన్ విడిభాగాల కంపెనీలో ఉంటున్నా, ఊరు తెనాలి.

సలహాల పెట్టె గురించి ఇక్కడి పద్ధతి ఒకటి చెప్తాను. అయిదుగురు ఉద్యోగులున్న చోట కూడా, వాళ్ళు కోరుకుంటే, ఓటేసి ఒక మండలిని ఎన్నుకోవచ్చు. బెట్రీబ్స్‌రాట్ అంటారు. కంపెనీలో సలహాల పథకం ఎలా నడవాలి, ఎవరు పరిశీలించాలి అనే నియమాలు యాజమాన్యం ఒక్కటే రాసుకోవడానికి వీల్లేదు, ఆ మండలితో కలిసి రాయాలి. చట్టంలోనే ఉంది. ఉద్యోగి ఏదైనా కొత్తది కనిపెడితే కంపెనీ దానికి డబ్బు కట్టాలని 1957 నుంచి వేరే చట్టం కూడా ఉంది.

ఇక్కడ కూడా అన్నీ సవ్యంగా ఉంటాయని కాదు. నా మొదటి రెండు సలహాలు కొట్టేశారు. కానీ ప్రతిదానికీ ఎందుకు కుదరదో అరపేజీ రాసి, సంతకం పెట్టి పంపారు. ఒకటి చదివితే నాకే నవ్వొచ్చింది, నేను కొలత తప్పు వేశాను. ఆ కాగితం రాకపోయి ఉంటే మూడోది రాసేవాణ్ణి కాదు. మూడోది ఒక ఫిక్స్చర్, ఒప్పుకున్నారు, డబ్బులు కూడా వచ్చాయి. పటాన్‌చెరు గారూ, మీరు ఆ ఏడు చీటీలకి జవాబిచ్చారా?

బాలానగర్_లేత్ | బుధవారం, మధ్యాహ్నం 2:40

జర్మనీ కథలు జర్మనీలో చెప్పుకోవాలి. అక్కడ జాబ్ వర్క్ రేటెంత, ఇక్కడెంత? తిన్నింటి వాసాలు లెక్కపెట్టే వాళ్ళకి స్టూళ్ళు, సోఫాలు వేస్తూ కూర్చుంటే

[మిగతా వాక్యం తొలగించాం. పని చేసేవాళ్ళ మీదైనా, చేయించేవాళ్ళ మీదైనా ఆ మాట వద్దు. చర్చ బాగుంది, కొనసాగించండి. - నిర్వాహకులు]

బాలానగర్_లేత్ | బుధవారం, సాయంత్రం 7:25

సరే, నోరు జారాను. ఇవాళ ఒక చెక్కు బౌన్సయింది, ఆ కోపం ఇక్కడ కక్కాను. చెల్లెమ్మా, నిన్నన్నది కాదు.

మా దగ్గర ఒక కుర్రాడున్నాడు, ఒడిశా నుంచి వచ్చాడు. పోయిన ఏడు వాడి నాన్న పోతే అడ్వాన్సు ఇచ్చి, పది రోజులు జీతం కోయకుండా పంపాను. బాధ్యత అని కాదు, మనిషిని కదా. తిరిగొచ్చాక, జాబ్ మార్చినప్పుడల్లా సెట్టింగుకి 40 నిమిషాలు పడుతోందని, వాడంతట వాడే ఒక స్టాపర్ చేసుకొచ్చాడు తుక్కు ముక్కతో. ఇప్పుడు పావుగంటలో అయిపోతుంది. రెండింటికీ సంబంధం ఉందని నేను ఇప్పటికీ ఒప్పుకోను. కానీ చెప్పకుండా ఉండలేకపోయా.

పాఠాల_మాస్టారు | బుధవారం, రాత్రి 8:02

ఒప్పుకోకండి, ఫర్వాలేదు. మాకంటే జాగ్రత్తగల పరిశోధకులు మీరే.

తెరెసా అమబైల్ అని ఇంకొకావిడ, ఏడు కంపెనీల వాళ్ళ చేత ఏ రోజుకారోజు డైరీలు రాయించింది. గడువు ఒత్తిడి ఎక్కువున్న రోజున కొత్త ఆలోచన తగ్గింది, అది అందరూ ఊహించేదే. మర్నాడు కూడా తగ్గిందట, ఆ మర్నాడూ కూడా. ఒత్తిడిలో బాగా పనిచేశామని మాత్రం వాళ్ళకి అనిపించింది. రాత్రి కాల్స్ పెట్టే మేనేజర్లు ఈ ఒక్క ముక్క చదివినా చాలు.

పటాన్‌చెరు_హెచ్ఆర్ | ఏడు వారాల తర్వాత, శనివారం

మళ్ళీ వచ్చాను. ఈ చర్చ ఎండీ గారికి చూపించలేదు గానీ, మీ మాటలు నావిగా చెప్పాను. క్షమించాలి.

గడియ పెట్టించాం. 85 రూపాయలు. దానికోసం మూడు నెలలు ఆగిందని తలుచుకుంటే ఇప్పటికీ ముఖం చెల్లట్లేదు. పెట్టెని కాంట్రాక్టు గేటు దగ్గరికి, క్యాంటీను చేతులు కడుక్కునే చోటికి మార్చాను. రాయడం రానివాళ్ళు చెప్తే రాసిపెట్టడానికి సెక్యూరిటీ తాతని పెట్టాం. ఏడు చీటీలకీ నోటీసు బోర్డు మీద జవాబులు అంటించాం. బస్సుది కుదరదు, ఎందుకో కూడా రాశాం. ఖాళీ చీటీకి కూడా ఒక జవాబు పెట్టాను: "మీ చీటీ అందింది, మళ్ళీ రాయండి."

ఓటీ దగ్గర పెద్ద గొడవ. కాంట్రాక్టరు సింగిల్ రేటే కట్టి రిజిస్టరులో డబుల్ చూపిస్తున్నాడు. రెండు నెలల బకాయి ఇప్పించగలిగాం, అంతకుముందుది ఇంకా తేలలేదు. ఆ విషయంలో ఎండీ గారికి నా మీద కోపంగానే ఉంది.

పోయిన నెల 19 చీటీలు వచ్చాయి. 15 మళ్ళీ సౌకర్యాల గురించే. ఒకటి నన్ను తిడుతూ. మూడు పని గురించి. అందులో ఒకటి సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి ద్రవాన్ని వేరుచేసే యంత్రం) హెల్పర్‌ది. బాస్కెట్‌లోంచి తడి కేకు (మిగిలిన ముద్ద) తీసే గరిటె పిడి పొట్టిది. నడుం దాకా వంగి తీయాలి, తీసేటప్పుడు అంచుకు తగిలి పొడి కింద పడుతుంది, ముఖం మీద ఆవిరి. పిడి జానెడు పెంచి, చివర కొంచెం వంచితే నిలబడే తీయొచ్చని బొమ్మ గీశాడు, సిగరెట్ పెట్టె అట్ట మీద. క్యూఏ (నాణ్యత చూసే) వాళ్ళు, మార్పుకి ముందు చేంజ్ కంట్రోల్ ఫారం నింపాలన్నారు, నింపుతున్నాం. ఎండీ గారు "ఇదేం ఇన్నోవేషన్, గరిటె పిడి!" అన్నారు. ప్రొడక్షన్ మేనేజరు మాత్రం బ్యాచ్‌కి ఎంత కేకు నేలపాలవుతోందో తూకం వేయించడం మొదలెట్టాడు.

ఒక చిక్కు. బహుమతి వెయ్యి రూపాయలు కంపెనీ ఉద్యోగులకే అని ఎండీ గారు రాయించారు. కాంట్రాక్టరు ద్వారా ఇస్తే అది ఆ మనిషికి చేరుతుందన్న నమ్మకం లేదు. నేరుగా ఎలా ఇవ్వాలి?

బొగ్గుపొడి | శనివారం, సాయంత్రం 4:10

బ్యాంకు ఖాతాల వెయ్యి అన్నా. నోటీసు బోర్డు మీద ఆయన పేరు ముందుగాల రాయి. చీటీ మీద పేరు రాసిండా?

పటాన్‌చెరు_హెచ్ఆర్ | శనివారం, సాయంత్రం 4:31

రాయలేదు తమ్ముడూ. గేట్ పాస్ నంబరు వేశాడు. సోమవారం షిఫ్ట్‌లో వెళ్ళి కలుస్తాను.

బాలానగర్_లేత్ | శనివారం, సాయంత్రం 5:02

ఆ అట్ట మీది బొమ్మ ఫోటో, పిడి మందం, గరిటె బరువు పంపండి సార్. స్టెయిన్‌లెస్ స్టీలు (ఎస్ఎస్ 316) రాడ్డు ముక్కలు నా దగ్గర ఉన్నాయి, నాలుగు రోజుల్లో శాంపిల్ చేసిస్తా. శాంపిల్‌కి డబ్బులొద్దు. ఆర్డరైతే మాత్రం 45 రోజుల్లో కట్టాలి, ముందే చెప్తున్నా.